'నో' అనే మాటలో ఆయుస్సు

అందరికీ నమస్కారం. అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక్క ప్రశ్న. వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళకి నా గొంతు వినపడటం లేదా?

చూశారా! నలుగురు "ఆఁ" అన్నారు. ఇద్దరు "లేదు" అన్నారు. ఆ స్తంభం పక్కన కూర్చున్న అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు నేనేమని అర్థం చేసుకోవాలి? "ఆఁ" అన్నవాళ్ళు "ఆఁ, వినపడుతోంది" అన్నారా, "ఆఁ, నిజమే, వినపడటం లేదు" అన్నారా? "లేదు" అన్నవాళ్ళు వినపడటం లేదన్నారా, "లేదు లేదు, బాగానే వినపడుతోంది" అన్నారా? కంగారుపడకండి, మైకు బాగానే ఉంది. కావాలనే అలా అడిగాను. ఈ రోజు నా మాటలన్నీ ఈ చిక్కు చుట్టూనే తిరుగుతాయి.

ఈ చిక్కుతో నాకు పాత పరిచయం ఉంది. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఎక్కడన్నది ఇప్పుడు అనవసరం. బల్ల అవతల ముగ్గురు. మధ్యలో ఉన్నాయన నా దరఖాస్తు మీంచి తలెత్తకుండానే "యూ డోంట్ నో టైపింగ్?" అన్నారు. నేను ఠక్కున "ఎస్ సార్" అన్నాను. టైపింగు రాదా? అవును సార్, రాదు. తెలుగులో అనుకుని ఇంగ్లీషులో అనేశాను, ఆ "రాదు"ని మాత్రం మింగేశాను. ఆయన కాగితం మీద టిక్కు పెట్టారు. ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు పొద్దున్నే తీసుకెళ్ళి టైపు మిషను ముందు కూర్చోబెట్టి, పక్కన పద్నాలుగు పేజీల చేతిరాత పెట్టి వెళ్ళిపోయారు. నేను రెండు వేళ్ళతో మొదటి పేజీ ముగించేసరికి భోజనాల బెల్లు కొట్టారు.

అప్పటినుంచీ ఈ "ఎస్", ఈ "నో" నన్ను వదల్లేదు. ముఖ్యంగా "నో". ఇంగ్లీషులో రెండంటే రెండు అక్షరాలు. మాటలు రాని పిల్లకి కూడా ముందు వచ్చేది అదే. అంత చిన్న మాటకి ఏం చరిత్ర ఉంటుందిలే అనుకుంటాం. ఉంది. కథ కూడా ఉంది.

ముందు మన సంగతి చూద్దాం. "నో"కి తెలుగేమిటి? చెప్పండి. లేదు... కాదు... వద్దు... ఎవరో "ఉహూఁ" అన్నారు, అదీ లెక్కే. చూడండి, ఇన్ని చెప్పారు గానీ, "నో" వచ్చిన ప్రతిచోటా వేసుకోదగ్గ మాట ఒక్కటి చెప్పలేదు. ఎందుకంటే లేదు. ఉనికి లేకపోతే "లేదు". ఇది అది కాకపోతే "కాదు". అక్కర్లేకపోతే "వద్దు". ఇవి కూడా అక్కర్లేకుండా క్రియలోనే కాదనేస్తాం. "వస్తావా?" "రాను." ఆ "రాను"లో "నో" ఎక్కడుంది? విడదీసి చూపించండి చూద్దాం. విడదీయలేరు. క్రియ కడుపులోనే ఉంది అది. ఇంగ్లీషువాడికి ఆ సౌకర్యం లేదు. వాడికి కాదనడానికి విడిగా ఒక ముక్క కావాలి.

ఆ ముక్క పాత ఇంగ్లీషులో "నె". వెయ్యేళ్ళ కిందట "నేను చెప్పను" అనాలంటే "ఇచ్ నె సెజె" అన్నట్టు అనేవాళ్ళు. క్రియ ముందు "నె" పడితే చాలు, అర్థం తిరగబడేది. దీన్ని ఎక్కడో విన్నట్టు లేదూ? సంస్కృతంలో "న". లాటిన్లో "నె", "నోన్". రష్యన్‌లో "న్యెత్" ఉంది కదా, అందులోదీ ఇదే "నె". "నె", దానికి "ఉంది" అనే మాట, "ఇక్కడ" అనే మాట కలిసి అరిగి "న్యెత్" అయింది. మన చెవికి దగ్గరగా చెప్పాలంటే "నాస్తి"కి చివర "ఇక్కడ" తగిలించినట్టు.

ఇక్కడ ఒకాయన నవ్వుతున్నారు. "అన్నీ సంస్కృతంలోంచే వచ్చాయని మొదలెడతావా?" అని కదండీ? కాదు. ఇంగ్లీషు సంస్కృతంలోంచి రాలేదు. రెండూ ఒక పాత భాషకి వేర్వేరు శాఖల సంతానం, అంతే. దూరపు చుట్టాలు. చుట్టాల ముఖాల్లో పోలిక కనపడితే ఒకళ్ళు ఇంకొకళ్ళ కడుపున పుట్టారని అనం కదా.

సరే, "నె" ఉంది. మరి "నో" ఎలా వచ్చింది? "నె" ఒక్కటే అయితే "నో" కాదు. పాత ఇంగ్లీషులో దీని రూపం "నా". "నె"కి "ఆ" కలిపితే "నా". ఆ దీర్ఘం "ఆ" తర్వాత దక్షిణ ఇంగ్లండు నోళ్ళలో "ఓ" వైపు జరిగింది. "స్తాన్" అన్నది "స్టోన్" అయింది. "బాన్" అన్నది "బోన్" అయింది. "హామ్" అన్నది "హోమ్" అయింది. అదే దారిలో "నా" అన్నది "నో" అయింది. ఉత్తరాదివాళ్ళు, స్కాట్లండువాళ్ళు ఈ దారి పట్టలేదు. అందుకే వాళ్ళు ఇప్పటికీ "నే", "కెనే" అంటారు.

మరి "నె"కి కలిసిన ఆ "ఆ" ఏమిటి? నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది, కాసేపు ఇక్కడే ఉందాం. పాత ఇంగ్లీషులో "ఆ" అంటే "ఎప్పుడూ, ఎల్లకాలం". దాని వెనక, ఇంగ్లీషు పుట్టిన జర్మానిక్ భాషల కుటుంబంలో ఉన్న పాత రూపం "ఐవ్". నాలుగో శతాబ్దంలో బైబిలుని ఆ కుటుంబంలోదే అయిన గోథిక్ భాషలోకి మార్చారు. అందులో "ఎన్నటికీ కాదు" అనడానికి "ని ఐవ్" అని ఉంటుంది. రెండు ముక్కలూ ఇంకా అతుక్కోలేదు, విడివిడిగా కనపడతాయి. "ఐవ్" అంటే కాలం, యుగం. లాటిన్లో దీని తోబుట్టువు "ఐవుమ్". లాంజెవిటీలో ఉన్నది అదే. మెడీవల్‌లో ఉన్నది అదే. ఎటర్నల్‌లో ఉన్నదీ అదే. మరి సంస్కృతంలో దీని తోబుట్టువు ఏమిటో ఊహించగలరా?

"ఆయుః." మన ఆయుస్సు. "ఆయుష్మాన్ భవ" అని దీవిస్తారే, ఆ ఆయుస్సు.

అంటే "నో" అని ఒకడన్నప్పుడు, మాట పుట్టుక ప్రకారం వాడంటున్నదేమిటి? "న, ఆయుః." ఆయువున్నంత కాలం కాదు. ఈ జన్మలో కాదు. మనం "ఛస్తే రాను" అంటామే, "చచ్చినా చెప్పను" అంటామే, సరిగ్గా అదీ. ఒట్టులాంటి మాట. భీషణమైన మాట. అలాంటిది అరిగి అరిగి ఇవాళ "కుర్చీ కావాలా?" అంటే "నో, థ్యాంక్స్" అనేంత మెత్తబడింది. కుర్చీ వద్దనడానికి ఆయుస్సు మీద ఒట్టు వేస్తున్నామన్నమాట!

ఎందుకు అరుగుతుంది? కాదనే మాటలన్నిటి తలరాత అదే. డెన్మార్కు భాషావేత్త ఓటో యెస్పర్సన్ 1917లో దీన్ని చక్కగా చూపించాడు. ఊరికే "నె" అంటే బలం చాలదనిపిస్తుంది. దానికి ఒక ఆనుపు కావాలి. "చెప్పను" అంటే చాలక "ఒక్క ముక్క కూడా చెప్పను" అంటాం చూడండి, అలాగ. ఇంగ్లీషువాళ్ళు "విహ్ట్" అనే మాటని ఆనుపు పెట్టుకున్నారు. "విహ్ట్" అంటే వస్తువు, పిసరు. "నె", "ఆ", "విహ్ట్" మూడూ కలిసి "నావిహ్ట్". ఆయుస్సులో పిసరంత కూడా కాదు! అదే నలిగి "నాట్" అయింది. అవును, "ఐ డు నాట్"లో ఉన్న "నాట్" అదే. అందులోనూ ఆయుస్సు ఉంది.

తర్వాత ఏమైంది? ఆనుపు పెట్టిన కర్రే స్తంభమైంది. మొదట "ఐ నె సెయె." తర్వాత "ఐ నె సెయె నాట్", ముందొకటి, వెనకొకటి. తర్వాత ముందున్న "నె" రాలిపోయింది. "ఐ సే నాట్." తర్వాత "ఐ డు నాట్ సే." ఇప్పుడు "ఐ డోంట్ సే." ఆ "డోంట్"లో "నాట్" మళ్ళీ నలుగుతోంది, వింటున్నారు కదా? "డోన్"లాగా వినపడుతుంది సగం మంది నోట. మళ్ళీ బలం చాలడం లేదు. అందుకే "ఐ డోంట్ సే నథింగ్" అంటారు జనం. బళ్ళో పంతులు తప్పంటాడు. రెండు కాదనడాలు కలిస్తే ఔనవుతుందని, గణితంలో ఋణాన్ని ఋణంతో గుణించినట్టు. పద్నాలుగో శతాబ్దంలో ఇంగ్లీషు కవి చాసర్ ఒకే వాక్యంలో నాలుగు కాదనే మాటలు వాడాడు, తన వీరుడు ఎవరితోనూ ఎన్నడూ పరుషంగా మాట్లాడలేదని చెప్పడానికి. నాలుగు కాబట్టి ఔనవుతుందని ఆనాడు ఎవరూ లెక్కకట్టలేదు. ఆ లెక్క 18వ శతాబ్దపు వ్యాకరణకర్తలు తెచ్చిపెట్టినది. నాకైతే అది వ్యాకరణం కన్నా పద్దుల లెక్కలా కనపడుతుంది.

ఫ్రెంచివాళ్ళు దీన్ని ఇంకా చిత్రంగా చేశారు. "నడవను" అనడానికి "ఒక్క అడుగు కూడా నడవను" అనేవాళ్ళు. అడుగంటే "పా". తర్వాత తినడానికీ, చూడటానికీ, ఏ పనికైనా "పా" పెట్టేశారు. ఇప్పుడు మాటల్లో అసలు "నె"ని మింగేసి "పా" ఒక్కటే అంటున్నారు. అంటే "అడుగు" అనే మాటకి "కాదు" అనే అర్థం వచ్చేసింది. పాపం ఆ అడుగు ఏం చేసింది? కాదనే మాట పక్కన నిలబడింది, అంతే. సావాసదోషం.

ఈ "పా"ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

మధ్యలో చిన్న సంగతి. "నో మనీ" అంటాం, "నో, ఐ వోంట్" అంటాం. ఈ రెండు "నో"లూ ఒకటి కావు. మొదటిది "నె"కి "ఒకటి" అనే "ఆన్" కలిసి వచ్చింది, ఒక్కటీ లేదని. "నన్" దాని నిండు రూపం. అలాగే నేను ఇంటర్వ్యూలో విన్న "డోంట్ నో"లోని "నో" ఇంకొకటి. దానికి ముందున్న "క" ఒకప్పుడు పలికేవాళ్ళు. దాని చుట్టం మన "జ్ఞా". జ్ఞానం వైపు చుట్టం అది, దీనికీ దానికీ సంబంధం లేదు.

"నోప్" సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. ఒక్కసారి అందరూ గట్టిగా "నో" అని, అనీ అనగానే పెదాలు టక్కున మూసేయండి. ఊఁ, అనండి. చివర ఏం వినపడింది? "ప". అంతే, ఆ మాట పుట్టుక అంతే. ఇక మాట్లాడేది లేదని నోరు మూస్తే "నోప్". 19వ శతాబ్దం అమెరికాలో నోటిమాటగా పుట్టింది. "ఎస్"కి బదులు అనే "ఎప్" కూడా అంతే.

కాదనడానికి "న" శబ్దంలోనే ఏదో మహిమ ఉందా అని కూడా అడుగుతుంటారు. అసహ్యంతో ముక్కు చిట్లించినప్పుడు వచ్చే ధ్వనిలోంచి పుట్టిందేమోనని యెస్పర్సనే అన్నాడు. నాకు నమ్మకం లేదు. మన "లేదు"లో "న" ఉందా? తమిళుల "ఇల్లై"లో ఉందా? అరబ్బీ వాళ్ళ "లా"లో ఉందా? గ్రీకులో అయితే "నే" అంటే సాక్షాత్తూ "అవును"! తల అడ్డంగా ఊపడం గురించి 1872లో డార్విన్ చెప్పిన మాట దీనికన్నా నాకు నచ్చుతుంది. చెంచా నోటి దగ్గర పెడితే కడుపు నిండిన పసివాడు ఏం చేస్తాడు? పెదాలు బిగించి ముఖం ఇటు తిప్పుతాడు. చెంచా ఇటొస్తుంది. అటు తిప్పుతాడు. మూతికి అంటుకున్నది రెండు బుగ్గలకీ పూసుకుంటుంది. పెద్దయ్యాక మనం ఊపే తలకాయ అక్కడ మొదలైందేమోనన్నాడాయన.

ఇక నా టైపు మిషను దగ్గరికి వద్దాం. "రాదా?" అంటే ఏమనాలి? ఇంగ్లీషులో ఒకప్పుడు దీనికి పకడ్బందీ ఏర్పాటు ఉండేది. రెండు మాటలు కాదు, నాలుగు. ఔననడానికి "యేయ్", "ఎస్". కాదనడానికి "నేయ్", "నో". మామూలుగా అడిగితే "యేయ్", "నేయ్" వాడాలి. "వస్తాడా?" "యేయ్", వస్తాడు. "నేయ్", రాడు. ప్రశ్నలోనే కాదనడం ఉంటే "ఎస్", "నో" వాడాలి. "రాడా?" "ఎస్", ఎందుకు రాడు, వస్తాడు. "నో", నిజమే, రాడు. ఎంత సుఖం! ఇందాక నేనడిగిన ప్రశ్నకి ఈ పద్ధతిలో జవాబిచ్చి ఉంటే నాకు అనుమానమే ఉండేది కాదు.

ఈ "నేయ్" ఎక్కడిది? వైకింగుల సొత్తు. ఎనిమిదో శతాబ్దం చివర్లో దోపిడీకి వచ్చి, తర్వాత ఇంగ్లండులో కాపురాలు పెట్టారు కదా, వాళ్ళ నార్స్ భాషలో "నెయ్". అది "నె"కి "ఎయ్" కలిస్తే వచ్చింది. "ఎయ్" అంటే ఏమిటో తెలుసా? "ఎల్లకాలం." మళ్ళీ అదే ఆయుస్సు! అంటే "నో", "నేయ్" కవలలు. అవే రెండు ముక్కలు, ఒకటి ఇంగ్లండులో అతికింది, ఇంకొకటి సముద్రం అవతల. కలిశాక పని పంచుకున్నాయి.

ఈ కవలల్లో ఎవరి పని ఎవరిది అని 16వ శతాబ్దంలో పెద్ద తగువు జరిగింది. విలియం టిండేల్ 1526లో కొత్త నిబంధనని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందులో యోహాను సువార్తలో ఒక చోట బాప్తిస్మమిచ్చే యోహానుని "నువ్వు ఆ ప్రవక్తవా?" అని అడుగుతారు. టిండేల్ అక్కడ జవాబు "నో" అని రాశాడు. థామస్ మోర్ 1532లో అచ్చేసిన ఖండనలో ఆ "నో"ని పట్టుకున్నాడు. ప్రశ్నలో కాదనడం లేదు కదా, "నేయ్" అనాలి కదా, ఇంగ్లీషే సరిగ్గా రానివాడు సువార్త ఏం రాస్తాడు అని ఎత్తిపొడుపు. మోర్ అంటే మామూలు మనిషి కాదు, ఆ ఏడు మే దాకా రాజుకి ఛాన్సలర్, అంటే పెద్ద మంత్రి. తమాషా ఏమిటంటే, ఉదాహరణలు సరిగ్గా ఇచ్చి, నియమం చెప్పబోయి ఆయనే తిరగేసి చెప్పాడు! తప్పు పట్టబోయినవాడే తప్పులో కాలేశాడు. అప్పటికే ఆ తేడా జనం నాలుక మీద నుంచి జారిపోతోంది మరి. 1611లో జేమ్స్ రాజు వేయించిన బైబిల్లో కూడా అక్కడ "నో" అనే ఉంది. టిండేలే గెలిచాడు. "నేయ్" ఇప్పుడు అమెరికా కాంగ్రెస్ ఓటింగులో, పాత బైబిల్లో మిగిలింది. లండన్‌లో పార్లమెంటు దిగువసభ కామన్స్‌లో "నో" అనే అంటారు. ఎగువసభ లార్డ్స్‌వాళ్ళు అదీ అనరు, "నాట్ కంటెంట్" అంటారు, సమ్మతం కాదని. పెద్దమనుషులు.

ఇప్పుడు ఆ ఫ్రెంచి "పా"ని బయటికి తీయండి. గ్రీకులో కాదనే మాట "ఊ". అందులో "న" లేదు. మరి ఎక్కడినుంచి వచ్చింది? వారెన్ కౌగిల్ అనే పండితుడు 1960లో ఒక ఊహ చేశాడు. అక్కడా మొదట "నె" ఉండేది, పక్కన ఆనుపుగా ఆయుస్సుకి చుట్టమైన మాట ఉండేది. తర్వాత "నె" రాలిపోయింది, ఆయుస్సు ఒక్కటే మిగిలి "కాదు" అనే బరువంతా మోసింది. సరిగ్గా ఫ్రెంచి అడుగులాగ. ఇది ఊహే సుమండీ, అందరూ ఒప్పుకున్నదేమీ కాదు. కానీ నిజమైతే ఎంత బాగుంటుందో చూడండి. ఆ గ్రీకు "ఊ"కి చోటు అనే "తొపొస్" కలిపి ఒకాయన 1516లో "లేనిచోటు" అని ఒక దీవికి పేరు పెట్టాడు. యుటోపియా. పెట్టినదెవరు? ఈ థామస్ మోరే! "నో", "నేయ్"ల మీద తగువుపడ్డవాడే ఇంకో "కాదు"తో ప్రపంచానికి కొత్త మాట ఇచ్చాడు.

ఆయన కథ ఇంకొంచెం ఉంది. 1534లో రాజు ఎనిమిదో హెన్రీయే ఇంగ్లండు చర్చికి అధిపతి అని పార్లమెంటు చట్టం చేసింది. ఒప్పుకుంటావా అని మోర్‌ని అడిగారు. లండన్ టవర్ అనే కోటలో ఖైదు పెట్టి పదే పదే అడిగారు. "యేయ్" అనలేదు. "నేయ్" అనలేదు. ఏ ప్రశ్నకి ఏ మాట వాడాలో పుస్తకంలో రాసినవాడు నోరు విప్పలేదు. 1535 జూలై 1న విచారణకి నిలబెడితే, ఆయన వాదన ఏమిటో తెలుసా? న్యాయసూత్రం ప్రకారం మౌనాన్ని అంగీకారంగా తీసుకోవాలి, తిరస్కారంగా కాదు అని. మనవాళ్ళు సగమే ఇచ్చారు, మౌనం అర్ధాంగీకారం అన్నారు. ఆయన పూర్తి అంగీకారమే అడిగాడు. అప్పుడు రిచర్డ్ రిచ్ అనే ప్రభుత్వ న్యాయవాది లేచి, టవర్‌లో నాతో మాట్లాడుతూ కాదన్నాడు, నా చెవులతో విన్నాను అని ప్రమాణం చేశాడు. నేననలేదు అన్నాడు మోర్. జ్యూరీ రిచ్ మాటే నమ్మింది. 6వ తేదీన తల తీశారు. ఆ మరుసటి ఏడే, 1536లో, బ్రస్సెల్స్ దగ్గర టిండేల్‌ని కూడా ఉరి బిగించి, శవాన్ని కాల్చేశారు.

సమయం దాటింది, అక్కడ గడియారం చూపిస్తున్నారు. అడగాల్సినవి ఉంటే అడగండి. చివర "లేదా?" అని మాత్రం అడగకండి.